గిర్నికి పోసిన సాక

కోరుట్లలో మా ఇంటి ముందరి గదిలో గిర్ని ఉంది. గిర్ని గోడకు, కరెంటు మీటరు పక్కన, అద్దం బిగించిన ఒక కాగితం వేలాడుతుంది. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు వరుసలో నిలబడి విసుగొచ్చినప్పుడు దాన్ని చదువుతారు. చదివినవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "పసుపుకు హలాల్ కాయితమేందక్కా? పసుపుకొమ్ముకు మెడ ఉంటదా కొయ్యనీకి?" నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మొదటిసారి విన్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట కూడా అదే మరి. ఆ కాగితం ఎలా వచ్చిందో అందరికీ చెప్పాను. ఎందుకు ఆలస్యంగా వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు అసలే చెప్పలేదు.

నేను సిరిసిల్ల పిల్లను. పుట్టిన ఇంట్లో నాలుగు సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మా ఊళ్ళో అలాగే అంటాం. పొద్దస్తమానం ఆ చప్పుడే. దాని మీద వినబడాలని అరిచి మాట్లాడటం అలవాటయింది, ఆ అలవాటు మెట్టినింటికి కూడా నా వెంటే వచ్చింది. కొత్తలో మా అత్త రెండు చెవులూ మూసుకుని, "మెల్లగ మాట్లాడు పిల్లా, నాకింక చెవుడు రాలే" అనేది. మంచి మనిషి. మూడో ఏడు జ్వరంతో పోయింది. ఇక నేను అరిచినా మూసుకోవడానికి ఇంట్లో ఎవరి చెవులూ లేవు.

మా ఆయన దుబాయిలో ఉండేవాడు. పెళ్ళయిన రెండు నెలలకే వెళ్ళాడు. ఆ తర్వాత రెండేళ్ళకు ఒకసారి రెండు నెలల సెలవు. ఆరేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపితే ఆరు నెలలు. మా వాడకట్టులో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి నా బాధ కొత్తదేం కాదు. కొత్తది కానంత మాత్రాన నొప్పి తగ్గుతుందా? తగ్గదు. పిల్లలు లేరు. "ఇంకేం లేదానే?" అని అడిగే ఆడవాళ్ళకు "ఫోన్ల పుడ్తరా పిల్లలు?" అని జవాబిచ్చేదాన్ని. నోరు గడుసుదే. వాళ్ళు వెళ్ళాక గిర్ని ఆపేసి, శనగపిండి బస్తా మీద కూర్చుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి.

గిర్ని మా అత్తగారిది. జొన్నలు, బియ్యం, కారం, పసుపు, ఎవరేం తెస్తే అది పట్టేదాన్ని. అది తిరుగుతున్నంత సేపూ ఇంట్లో మనుషులున్నట్టు ఉండేది. వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు వాళ్ళ కోడళ్ళ మీద చాడీలు చెప్పేవాళ్ళు, నేను మిషను చప్పుడు మీద అరిచి జవాబు చెప్పేదాన్ని. కోరుట్లలో నా గొంతుకు పనికొచ్చిన చోటు అదొక్కటే. సాయంత్రం బెల్టు తీసి పక్కన పెట్టగానే ఇల్లు ఒక్కసారి ఊరుకునేది. ఆ ఊరుకోవడం నాకు ఎప్పుడూ అలవాటు కాలేదు.

సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు మా ఆయన సంచీ నిండా నేను పట్టిన పొడులు తీసుకెళ్ళేవాడు. మెట్‌పల్లి మార్కెట్లో ఏరి కొన్న పసుపు, ఎండలో మూడు రోజులు పోసిన మిరపకాయల కారం, మసాలా. గదిలో ఆయనతో ఉండే పదిమందీ దానికి మరిగారు. వాళ్ళు సామాన్లు కొనే దుకాణం సేఠు ఒకరోజు ఆ కూర తిని, ఈ పొడి ఎక్కడిదని అడిగాడట. ఆ శుక్రవారం ఫోన్‌లో మా ఆయన గొంతు మారిపోయి ఉంది.

"ఇగో, ఇను. సేఠు మన పొడులు దుకాణంల పెడ్తనంటుండు. నెల నెలా తీస్కుంటడట. కని హలాల్ కాయితం ఉండాల్నట."

అప్పుడే నేను పసుపుకొమ్ము మెడ మాట అన్నాను. ఆయన నవ్వలేదు.

"నేను గూడ గదే అడిగిన. ఆయన దుకాణంల గది రూలు. కాయితం లేకుంటే ఉప్పు పొట్లం గూడ ర్యాకు మీదికి ఎక్కదట." తర్వాత అసలు సంగతి చెప్పాడు. "కంపెనోడు నా ముందర కాయితం వెట్టిండు. ఇంకో రెండేండ్లకు సంతకం వెడ్తవా, ఇంటికి పోతవా అంటుండు. ఈ నెలాఖరు దాక టైం ఇచ్చిండు. నీ కాయితం అస్తే నేను సంతకం వెట్ట. ఇంటికచ్చి గిర్ని సూసుకుంట. ఇద్దరం కలిసి నడుపుకుందం."

ఇద్దరం అన్న మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. నేను జవాబు చెప్పబోతే గొంతు రాలేదు. సాంచాల మీద గెలిచిన గొంతు!

"ఇనవడ్తుందా?" అని అవతల నుంచి ఒకటే అడుగుడు.

"ఇనవడ్తుంది" అన్నాను. "తెస్త. ఎట్లనన్న జేసి తెస్త."

అలాంటి కాగితాలిచ్చే ఆఫీసు హైదరాబాదులో ఉందని సేఠే చెప్పాడు. వాళ్ళు పంపిన ఫారం పట్టుకుని మా వెనక వాడలో అందరం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె దగ్గరికి వెళ్ళాను. ఖాలా బీడీలు చేస్తుంది; ఉర్దూ, అరబ్బీ చదువుతుంది, ఇంగ్లిషు కూడా కూడబలుక్కుంటుంది. చాటలో ఆకు పక్కకు జరిపి, ఫారం మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్కటే చదివి చెప్పింది. ఏమేం పడతావు, ఎక్కడ కొంటావు, మిషనుకు ఏ గ్రీజు పెడతావు, ఆ గ్రీజులో జంతువుల కొవ్వు ఉందా, ఆవరణలో మద్యం ఉంటుందా, ఇతరుల సరుకు అదే మిషన్‌లో పడతావా.

"మందు మా ఇంట్ల ఎవరు తాగుతరు ఖాలా? తాగెటోడు దుబాయిల ఉన్నడు, గాడ దొరుకదు" అన్నాను.

ఖాలా నవ్వి, చివరి ప్రశ్న దగ్గర వేలు పెట్టింది. "గిది జూడు బేటీ. ఊరోళ్ళ పిండి గూడ వడ్తనని రాస్తే, ఆళ్ళు ఏం దెచ్చి పోస్తరో నీకేం తెలుసని అడుగుతరు."

నిజమే. ఆఫీసు తరఫున తనిఖీకి ఒక సారు వస్తాడట; ఆయన వచ్చి చూసి వెళ్ళే దాకా ఊరివాళ్ళ పిండి పట్టనని తలుపు మీద రాసిపెట్టాను. ఎంత లొల్లి చేశారో! "దుబాయి పొడులు వడ్తదట, మన జొన్నలు పనికి రావట" అని నాకు వినబడేలా అన్నారు. మనసు చివుక్కుమన్నా నోరు మూసుకున్నాను. రాళ్ళు కడిగాను, జల్లెడలు మార్చాను, గోడలకు సున్నం వేశాను. గిర్ని అద్దంలా తయారయింది. మనుషులు రావడం ఆగిపోయింది. మధ్యాహ్నాలు ఆ గదిలో నేనొక్కదాన్నే, ఎదురుగా తిరగని మిషను. పదిహేను రోజులు నా గొంతు నాకే వినబడలేదు. శుక్రవారం ఫోనెత్తి మాట్లాడబోతే బొంగురు వచ్చేది.

అప్పుడే సమ్మె మొదలయింది. తెలంగాణ కోసం పెద్ద సమ్మె. బస్సులు ఆగిపోయాయి, బళ్ళు మూసేశారు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. కోరుట్ల నడి రోడ్డు మీద నిరసనగా రోజూ పొయ్యిలు పెట్టి వంటలు చేశారు. నేను కారం, పసుపు డబ్బా పట్టుకుని వెళ్ళాను. వాళ్ళు డబ్బాతోపాటు నన్నూ వంటలో కలుపుకున్నారు. ఉల్లిగడ్డలు కోశాను, పప్పు కలిపాను, ఎవరో తెలియని ఆడవాళ్ళ నడుమ తారు రోడ్డు మీద కూర్చుని విస్తట్లో తిన్నాను. పక్కన మనిషి మోకాలు నా మోకాలికి తగులుతుంటే అన్నం తిని ఎంత కాలమయిందో అప్పుడు తెలిసింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను, ఆకలి తీరినా.

ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది. బస్సులు లేకపోతే చూడటానికి సారు ఎలా వస్తాడు? నెలాఖరుకు పన్నెండు రోజులే ఉన్నాయి. చూసే సారు జగిత్యాలలో ఉంటాడని ఆఫీసువాళ్ళు చెప్పి నంబరు ఇచ్చారు. భయపడుతూనే ఫోన్ చేశాను. ముసలి గొంతు, నెమ్మదిగా మాట్లాడాడు. "బస్సులు లేవమ్మా. అయినా బేస్తవారం వస్త. ఎవరి బండన్న వట్టుకొని వస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

బేస్తవారం తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. బతుకమ్మ రోజులు, వీధిలో ఆడపిల్లలు అప్పటికే తంగేడు పూలకు బయలుదేరారు. నాకు చేయవలసిన పనేదీ మిగల్లేదు, అయినా ఏదో మిగిలినట్టే ఉంది. ఏమిటా అని గిర్ని గది మధ్యలో నిలబడి ఆలోచించాను. ఒక్కసారిగా మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్న కొత్త సాంచా దించితే, దాని మీద పోగు ఎక్కించకముందే ఎల్లమ్మకు సాక పోసేవాడు. ముంతలో కల్లు, అందులో చిటికెడు పసుపు. గడప మీద ఇంత, సాంచా కాళ్ళ దగ్గర ఇంత పోసి, వేపమండతో నాలుగు చుక్కలు సాంచా మీద చల్లి, "తల్లీ, సల్లగ జూడు" అని మొక్కేవాడు. దసరాకు కూడా అంతే. సాక పోయకుండా మొదలుపెట్టిన పని మా ఇంట్లో నేను చూడలేదు. ఇంత పెద్ద పని పెట్టుకుని, అందరి కంటే ముందు అడగవలసిన తల్లినే మరిచానే అని చెంపలు వేసుకున్నాను.

ఇప్పుడు మీరు అడుగుతారు, ఫారంలో మద్యం అని చదివించుకున్నదానివి, కల్లు అని తోచలేదా అని. తోచలేదు. ఒట్టు, తోచలేదు. మనిషి తాగితే అది కల్లు. తల్లికి పోస్తే అది సాక. చిన్నప్పటి నుంచి ఆ రెండూ నా బుర్రలో వేరువేరు గదుల్లో ఉన్నాయి. ఖాలాను అడిగితే ఒక్క ముక్కలో చెప్పేది. అడగాలనే అనిపించలేదు. దేవుడి ముందు దీపం పెట్టడానికి ఎవరినన్నా అడుగుతామా?

చెంబు పట్టుకుని గౌడన్న ఇంటికి పోయాను. అప్పుడే చెట్టు దిగి వచ్చాడు.

"బంద్‌ల కల్లెందుకక్కా?" అన్నాడు.

"సాకకు."

"అట్లయితే తీస్కపో" అని చెంబు నిండా పోశాడు.

గడప మీద పోశాను. మిషను దిమ్మె చుట్టూ పోశాను. వేపమండ ముంచి మిషను నోట్లో, కొత్త జల్లెడ మీద చల్లాను. నాన్న చేసినట్టే చేశాను, ఒక్క మాట ఎక్కువ కలిపి: "తల్లీ, సల్లగ జూడు. ఆయనను ఇంటికి తోలుకరా." ఆ తర్వాత ప్రాణం తేలికయింది. తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని గడపలో కూర్చున్నాను.

కారం పట్టేవాళ్ళకు ముక్కు చచ్చిపోతుంది. ఎండ ఎక్కేకొద్దీ గదిలో కల్లు పులిసి గుప్పుమంటూ ఉంటుందని నాకు తెలియనే లేదు.

సారు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. తెల్ల గడ్డం, చంకలో ఫైలు, మోకాళ్ళ దాకా దుమ్ము. ఎవరిదో బండి మీద ఊరి బయటి దాకా వచ్చి, అక్కడి నుంచి నడిచాడట. వస్తూనే నవ్వాడు. "రోడ్డు మీద నన్ను ఆపి అన్నం వెట్టిన్రమ్మా. తినకుంటే పోనియ్యమన్నరు. పప్పు మంచిగుండె."

"అండ్ల కారం నాదే సార్" అన్నాను, ఆపుకోలేక.

"అట్లనా! అయితే పరీక్ష సగం అయిపోయినట్టే" అన్నాడు. తల్లి విన్నదనుకున్నాను.

బస్తాలు విప్పించి చూశాడు. గ్రీజు డబ్బా మీద అక్షరాలు కళ్ళజోడు పైకెత్తి చదివాడు. పసుపు ఎవరి దగ్గర కొన్నదీ, చీటీ ఉన్నదా, నీళ్ళు ఎక్కడివి, అన్నీ అడిగి రాసుకున్నాడు. ఒక్కో దానికి తల ఊపుతుంటే నేను మనసులో మా ఆయన సామాను సర్దుతున్నాను. చివరికి స్టూలు మీద కూర్చుని పెన్ను తీశాడు. తీసి ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. లేచి మిషను దగ్గరికి వెళ్ళి, వంగి, దిమ్మె పక్కన తడిని వేలితో తాకి చూశాడు.

నిటారుగా నిలబడి నా వైపు చూశాడు. అడిగినప్పుడు గొంతులో కోపం లేదు. "ఏదో పులిసిన వాసన వస్తుందమ్మా. దోసె పిండి గిట్ల ఒలికిందా?"

ఊఁ అంటే చాలు. ఆయన నమ్మేవాడు, నమ్మాలనే ఉన్నాడు; అంత ఎండలో నడిచి వచ్చినవాడికి ఊరికే తిరిగి వెళ్ళాలని ఉంటుందా? ఒక్క ఊఁ. అప్పుడు గాని నాకు వెలగలేదు, నేనేం చేశానో. ఊఁ అనడానికి నోరు తెరిచాను కూడా. కాని పొద్దున్నే ఏ తల్లినయితే నోరారా పిలిచి పోశానో, ఆమె ముందే నిలబడి అది దోసె పిండి అనడం ఎలా? సాక పోసి పోయలేదంటే ఆమె ఇక నా మొహం చూస్తుందా? ఎదురుగా ఉన్న సారుకు కాదు, ఆమెకు భయపడ్డాను.

"సాక పోసిన సార్" అన్నాను. "ఎల్లమ్మకు. కల్లుతోని. మిషన్ మీద గూడ సల్లిన."

సారు పెన్ను మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"పనికి మంచి జరగాలని పోసినవు" అన్నాడు.

"ఔ సార్."

"నువ్వు పిండి అంటే నేను పిండే అనుకుందు. చెప్పినవు. ఇగ నేను సంతకం పెట్టలేనమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు నాదని తెలిసీ ఆయన మీద అరిచాను. "నాలుగు సుక్కలు సార్! మీరు తిన్న పప్పుల నా కారం లేదా? మంచిగుందనలేదా? నెలాఖరు దాటితే నా మొగడు ఇంకో రెండేండ్లు రాడు. నాలుగు సుక్కలకు రెండేండ్లా?" వీధిలో పోయేవాళ్ళు తలుపు దగ్గర ఆగి చూశారు. సాంచాల గొంతు, ఊరంతా విని ఉంటుంది.

ఆయన అరవలేదు. స్టూలు నాకు జరిపి, కూర్చోమన్నాడు. "రేపు గాడ ఎవరో ఒకాయన నా సంతకం జూసి నోట్లె పెట్టుకుంటడు. ఆయన నిన్ను ఎరుగడు, నన్ను ఎరుగడు. గా కాయితాన్ని నమ్మి తింటడు. ఆయనను నేనెట్ల మోసం జెయ్యాలె చెప్పు?" మిషను ఎలా కడగాలో, కడిగాక మొదట పట్టిన తవ్వెడు పొడి ఎందుకు పారబోయాలో వివరంగా చెప్పాడు. బస్సులు నడిచిన రోజే మళ్ళా వస్తానన్నాడు. ఆఫీసు పద్ధతి ప్రకారం రెండోసారి చూడటానికి కొంత గడువు ఉండాలట, అది నెలాఖరు దాటుతుందట, తనంతట తాను తగ్గించలేడట. నీళ్ళు అడిగి తాగి, ఫైలు చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే నడిచి వెళ్ళాడు.

ఆయన కనబడనంత దూరం పోయాక కడగడం మొదలుపెట్టాను. పొద్దుగూకేదాకా కడిగాను. బయట బతుకమ్మ ఆడుతున్న చప్పట్లు వినబడుతున్నాయి. ఎవరో వచ్చి రమ్మని పిలిచారు. ఒంట్లో బాగా లేదన్నాను.

తెల్లవారితే శుక్రవారం. ఫోన్ మోగింది.

"సారు అచ్చిండా?"

చెబుదామనే అనుకున్నాను. కాని ఆ గొంతులో ఎంత ఆశ ఉందంటే, దాని ముందు సాక అన్న మాట పెట్టడానికి నోరు రాలేదు. నేనే నా చేతులతో ఆపాను నిన్ను అని ఎలా చెప్పడం?

"రాలే" అన్నాను. "బస్సులు లేవు గద. సమ్మె. ఎట్లస్తడు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పోనీ తియ్" అన్నాడు. "గాడ తెలంగాణ కోసం పిలగాళ్ళు పానాలే ఇస్తున్నరు. మన తరఫున మనం గిది ఇద్దాం. రెండేండ్లే గద."

నెలాఖరుకు ఆయన సంతకం పెట్టాడు.

సమ్మె ఆగి బస్సులు నడిచిన మొదటి రోజే జగిత్యాల సారు వచ్చాడు. అన్నాళ్ళూ నేను ఆయనను తిట్టని పూట లేదు. గడపలో ఆ తెల్ల గడ్డం కనబడగానే మాత్రం తిట్లన్నీ ఎటు పోయాయో. మిషన్ అంతా తడిమి, వాసన చూసి, అక్కడే సంతకం చేశాడు. చేసి, "మీ ఆయన వస్తుండా?" అని అడిగాడు.

"సంతకం వెట్టిండు సార్. రెండేండ్లకు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు గడప దాటి, మళ్ళీ వెనక్కి తిరిగి, "నువ్వు నిజం చెప్పినవు బిడ్డా, అది నేను మరువ" అన్నాడు. నా నిజం విన్న మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. ఖాలాకు కూడా నేను చెప్పలేదు. చెబితే తాను ముందే హెచ్చరించలేదని ఆమె బాధపడుతుంది.

పొడులు వెళ్ళాయి. సేఠు మాట తప్పలేదు, నెల నెలా తీసుకున్నాడు. ఊరివాళ్ళకు వేరే పాత మిషను ఒకటి వెనక గదిలో పెట్టాను, ఆడవాళ్ళు అలక మాని మళ్ళీ రావడం మొదలుపెట్టారు. శుక్రవారం శుక్రవారం మా ఆయన ఆ దుకాణానికి వెళ్ళి ర్యాకు ముందు నిలబడేవాడట. "ఇయ్యాల పోయి నిన్ను సూసచ్చిన" అనేవాడు. "మంచిగున్నవు. పై వరుసల పెట్టిండు." నేను ఫోన్ పట్టుకుని నవ్వేదాన్ని, కొంగు నోట్లో కుక్కుకుని. ఆ రెండేళ్ళలో ఎన్ని శుక్రవారాలు చెబుదామనుకున్నానో. ప్రతిసారీ ఆయన ముందే ఏదో అనేవాడు: గదిలో వాళ్ళకు చెప్పాడట, తెలంగాణ సమ్మె కోసం మేము రెండేళ్ళు ఇచ్చామని, వాళ్ళందరూ భుజం తట్టారట. ఒక్కరికి చెప్పిన అబద్ధం పదిమంది భుజాల మీదికి ఎక్కింది. ఇక దించేదెలా?

రెండేళ్ళు నిండాయి, ఆయన వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. మొదటి వారం ఇద్దరం ఒకరి ఇంట్లో ఒకరం చుట్టాల్లా తిరిగాం. తర్వాత అలవాటు పడ్డాం. ఆయన మిషను నడిపేవాడు, నేను జల్లెడ పట్టేదాన్ని.

తెలంగాణ ఖాయమయిందని టీవీలో చెప్పిన సాయంత్రం మా గిర్ని ముందు పండగ. పటాకులు, గులాలు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకుంటున్నారు. ఒకాయన లాఠీ దెబ్బ తగిలిన మోకాలు చూపించాడు. బడి పంతులు తాను పోలీస్ స్టేషన్‌లో గడిపిన రోజుల గురించి చెప్పాడు. మా ఆయన అంతసేపూ వింటూ ఉన్నాడు. తర్వాత మెల్లగా గొంతు విప్పాడు.

"నేను జెండ వట్టలే. రోడ్డు మీద కూసోలే. కని నా రెండేండ్లు ఇచ్చిన. సమ్మెల బస్సులు లేక సారు రాలే. వస్తే నేను అప్పుడే ఇంటికస్తుంటి. మా ఇద్దరివి రెండేండ్లు గీ తెలంగాణల కలిసినయి."

పంతులు లేచి వచ్చి, మా ఆయన రెండు చేతులూ పట్టుకుని, నుదుటి నిండా గులాలు పూశాడు. మా ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఆరేళ్ళ కాపురంలోనూ, ఆ తర్వాత కూడా, ఆయన అంత నిండుగా కనబడటం నేను చూడలేదు. గడపలో నిలబడ్డ నా వైపు తిరిగాడు.

"ఏమంటవే? నిజమా కాదా?"

అందరూ నన్నే చూశారు. నేను నిలబడ్డది సరిగ్గా ఆ పొద్దున సాక పోసిన చోటే.

"ఊఁ" అన్నాను.

ఆయన వచ్చి నా చెంపలకు కూడా గులాలు పూశాడు. ఆ చేతులు నా మొహం మీద ఉండగానే, ఇంట్లో ఇద్దరం ఉండి కూడా ఇక జన్మంతా నేను ఒక్కదాన్నే ఉండబోతున్నానని నాకు అర్థమయింది.